నకలు వెనుక తేదీలు

ఆ మధ్య ఒక వేసవి మధ్యాహ్నం, మా సీమలోని ఒక కుటుంబ న్యాయస్థానంలో కాపీల సెక్షన్ ముందున్న బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాను. నా పక్కన కూర్చున్నది ఒకప్పుడు నా దగ్గర చరిత్ర చదువుకున్న అమ్మాయి. భర్త ఆమెకూ ఇద్దరు పిల్లలకూ నెలనెలా మనోవర్తి చెల్లించాలని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అతను బెంగుళూరులో ఉంటాడు, ఒక్క నెల కూడా పంపలేదు. ఉత్తర్వు సర్టిఫైడ్ నకలు చేతికొస్తే తప్ప తర్వాతి అడుగు వేయడానికి లేదు. "మా అన్న నేను తెచ్చిస్తా పోమ్మా అన్నాడు మేడం. నాకే రావాలనిపించింది" అంది. ఎందుకనిపించిందో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు. కానీ ఆ మాటతో మా పెద్దమ్మ గుర్తొచ్చింది. పెద్దమ్మ ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతలో దొరికిన ఒక కాగితం గుర్తొచ్చింది. ఈ వ్యాసం ఆ కాగితం గురించే. అలాంటి కాగితాలు మన ప్రాంతపు చరిత్రలో ఎక్కడ ఉన్నాయి, ఎక్కడ లేవు అనే ప్రశ్న గురించి కూడా.

పెద్దమ్మది కర్నూలు జిల్లా పల్లె. చదువు రాదు. ఇచ్చింది కడప జిల్లాకు, ప్రొద్దుటూరు వైపు. పెళ్ళయిన ఏడేళ్ళకు భర్త ఇంకొకామెను తెచ్చుకుంటే పెద్దమ్మ పుట్టింటికి వచ్చేసింది. 1979 మార్చిలో నెలకు 120 రూపాయలు ఇవ్వాలని ఒక మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు చేసింది. ఆ డబ్బులో చాలా భాగం ఆమెకు రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే మా ఇంట్లో ఒకటే జవాబు: "దానికి శ్రద్ధ ఎక్కడిది? కాగితం తెచ్చుకోవడానికే ఏడాదిన్నర పట్టింది." నేను చిన్నప్పటినుంచీ విన్నది ఇదే. పెద్దమ్మ కూడా కాదనేది కాదు. "రాలేదంటే రాలేదనే అనుకుంటి మే" అనేది. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడేది కాదు.

ఆమె పోయాక పెట్టె తెరిచినప్పుడు ఆ నకలు నా చేతికొచ్చింది. నాలుగు పేజీల ఇంగ్లీషు టైపు, మడతల దగ్గర చిరుగులు. చరిత్ర చదివినవాళ్ళకు కాగితాన్ని తిప్పి చూసే అలవాటు ఒకటుంటుంది. వెనుక రబ్బరు ముద్రలో వరసగా అయిదు తేదీలున్నాయి. దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులకు పిలిచిన తేదీ, స్టాంపులు కట్టిన తేదీ, నకలు తయారైన తేదీ, నకలు ఇచ్చిన తేదీ. ఆఖరి తేదీ 1979 జూన్ 25. పెద్దమ్మ దాన్ని పట్టుకుని ప్రొద్దుటూరు వెళ్ళింది 1980 డిసెంబరులో. ఏడాదిన్నర జాప్యం కోర్టులో జరగలేదు. మూడు నెలల్లో నకలు వచ్చేసింది. మరి ఆ తర్వాత పదిహేడు నెలలు అది ఎక్కడుంది?

అమ్మను అడిగాను. అప్పటికి నాయన పోయి చాలా కాలమైంది. అమ్మ కాసేపు ఊరుకుని చెప్పింది: "మీ నాయనే బీరువాలో పెట్టినాడు. వకీలు గుమాస్తా తెచ్చిచ్చినాడు. రాజీ అయితాదని పెద్దమనుషులు తిరుగుతాండ్రి గదా. కాగితం చేతికిస్తే ఇది కోర్టుకు పోతాది, రాజీ చెడతాదని."

మా నాయన చెడ్డవాడు కాదు. చెల్లెళ్ళను, అక్కను ప్రేమించిన మనిషి. పెద్దమ్మ కేసుకు డబ్బు పెట్టిందీ ఆయనే. కానీ ఉత్తర్వు ఎవరి పేరున ఉందో వాళ్ళ చేతికివ్వకుండా, వాళ్ళ మంచి ఏదో తానే నిర్ణయించాడు. అడిగినప్పుడల్లా 'ఇంకా రాలేదు' అన్నాడు. ఆ పదిహేడు నెలల ఖరీదు ఎంతో లెక్క కట్టవచ్చు. మనోవర్తి బాకీ పడిన రోజునుంచి ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు చేసుకోకపోతే ఆ బాకీకి వారంటు ఇవ్వకూడదని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లోనే ఉంది. 1979 ఏప్రిల్ నుంచి 1980 నవంబరు దాకా ఇరవై నెలల బాకీలో ఆమె అడగగలిగింది పన్నెండు నెలలదే. ఎనిమిది నెలల డబ్బు, 960 రూపాయలు, మా ఇంటి బీరువాలో కరిగిపోయింది. నింద మాత్రం పెద్దమ్మ శ్రద్ధ మీద పడింది.

నకలు అనేది మా సీమకు కొత్త సంగతి కాదు. అసలు తెలుగులో మనకు దొరికిన తొలి వాక్యాలే ఒక ఉత్తర్వు లాంటివి. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనాన్ని క్రీ.శ. 575 ప్రాంతానిదిగా చెబుతారు. ఊరి నడుమ రాతి మీద చెక్కిన మాటను ఎవరూ బీరువాలో దాచలేరు. కాదన్నవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయని అలాంటి శాసనాల చివర శాపం కూడా ఉంటుంది. తర్వాతి కాలంలో ఊరి లెక్కలు, హక్కులు కరణాల కవిలెల్లోకి వెళ్ళాయి. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదులుకున్నాక కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి ఆ కవిలెల్లోని సంగతులకు నకళ్ళు రాయించారు. అవే కైఫీయత్తులు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే ఒక బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు తయారుచేయించాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, పాఠభేదాలు గుర్తించి రాయించేవాడు. ఆ స్థలంలోనే ఇప్పుడు బ్రౌన్ పేరున గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. కోర్టు నకలు చివర ఒకరు చదివినట్టు, ఒకరు సరిపోల్చినట్టు సంతకాలు చూసినప్పుడల్లా నాకు బ్రౌన్ బంగళాలో పండితులు గుర్తొస్తారు. చేసే పని ఒకటే: ఒకరు అసలు చదువుతారు, ఇంకొకరు నకలు చూస్తారు.

ఈ నకళ్ళలో ఆడవాళ్ళెక్కడ? శాసనాల్లో రాణులూ దానాలిచ్చిన స్త్రీలూ కనిపిస్తారు. కైఫీయత్తుల్లో గుళ్ళు కట్టించిన వాళ్ళు, సతులైన వాళ్ళు కనిపిస్తారు. భర్త వదిలేసిన మామూలు ఆడమనిషి తన అన్నం కోసం రచ్చకట్ట ముందు నిలబడితే ఏం తీర్పు చెప్పారో ఏ కరణం కవిలెలోనూ ఎక్కాల్సిన అవసరం లేకపోయింది. అది పెద్దమనుషుల నోటిమాట. చెప్పినవాళ్ళు మరిచిపోతే తీర్పు లేనట్టే.

ఆ నోటిమాట స్థానంలో కాగితం రావడం 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో మొదలైంది. భార్యనూ పిల్లలనూ పోషించని మగవాడు నెలకు 50 రూపాయలకు మించకుండా ఇవ్వాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చని ఆ కోడ్ చెప్పింది. ఆడవాళ్ళ హక్కు అనే ఆలోచన దాని వెనుక లేదు. దిక్కులేని ఆడవాళ్ళు, పిల్లలు బజారున పడితే శాంతిభద్రతలకు ఇబ్బంది అనే భయం ఉంది. అందుకే కుటుంబ విషయం క్రిమినల్ కోడ్‌లోకి వెళ్ళింది. ఆ పరిమితి 1923లో 100, 1955లో 500 అయింది. 1973 కోడ్ కూడా 500 దగ్గరే ఆగింది. 2001 సవరణ దాకా, అంటే పెద్దమ్మ బతికున్న కాలమంతా, కేంద్ర చట్టం ప్రకారం ఎంత సంపన్నుడి భార్య అయినా ఈ సెక్షన్ కింద నెలకు 500 కంటే ఎక్కువ అడగడానికి వీల్లేకపోయింది.

ఇదే చట్టంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న వాక్యం ఉంది. మనోవర్తి ఉత్తర్వు నకలును ఎవరికి అనుకూలంగా ఉత్తర్వు వచ్చిందో వాళ్ళకు డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. భర్త ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వును అమలు చేయవచ్చు. 1898 కోడ్‌లో ఇది 490వ సెక్షన్, 1973 కోడ్‌లో 128, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 147. ఈ రెండు విషయాలు ఒకే వాక్యంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. మగవాడు ఊరు మారిపోగలడు. అతని వెంట ఉత్తర్వు కూడా ఊరు మారాలి. ఆ ఉత్తర్వును మోసుకెళ్ళేది ఆడమనిషి చేతిలోని నకలు. కర్నూలు జిల్లా కాగితం ప్రొద్దుటూరులో చెల్లడమంటే అదే. నా విద్యార్థిని కాగితం బెంగుళూరులో చెల్లడమన్నా అదే.

ఉచితంగా నకలు ఇవ్వాలన్న మాట ఇంకా రెండు చోట్ల ఉంది. విడాకుల డిక్రీ నకలు ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లో 1976లో చేర్చారు. గృహహింస చట్టం (2005) 24వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వు నకలు ఉభయ పక్షాలకూ పోలీసు స్టేషన్‌కూ కూడా ఉచితంగానే వెళ్ళాలి. న్యాయ సేవల సంస్థల చట్టం (1987) ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే అర్హత ఉంది. మన పాఠకుల్లో లెక్చరర్లున్నారు, రచయిత్రులున్నారు. ఈ మూడు మాటలూ మనలో ఎందరికి తెలుసు? నాకైతే అరవై దాటాక తెలిసింది. పెద్దమ్మ నకలుకు స్టాంపులు కట్టారు. ఊరికే రావలసిన కాగితమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నకలు ఎందుకంత అవసరమో తెలియాలంటే దాని పక్కన పంచాయతీ కాగితాన్ని పెట్టి చూడాలి. మన జిల్లాల్లో చాలా కులాల్లో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకునే ఆచారం ఉంది. మద్రాసు రాష్ట్రం 1949లోనే హిందువులకు విడాకుల చట్టం చేసింది. అప్పుడు కర్నూలు, కడప ఆ రాష్ట్రంలోనే ఉండేవి. 1955 హిందూ వివాహ చట్టం వచ్చినా 29వ సెక్షన్‌లో ఆచార విడాకులను అట్లాగే ఉంచింది. స్టాంపు కాగితం మీద రాసి, వేలిముద్రలు వేయించి, నలుగురు సాక్షి సంతకాలు పెడతారు. తర్వాత ఎప్పుడైనా తగాదా వస్తే ఆ ఆచారం నిజంగా ఉందని నిరూపించే భారం ఆ కాగితం పట్టుకున్న మనిషిదే. సాక్షులు చచ్చిపోయి ఉంటారు, లేదా మనసు మార్చుకుని ఉంటారు. కోర్టు నకలు అలా కాదు. అది పబ్లిక్ డాక్యుమెంటు. అధికారి సంతకం, హోదా, తేదీ, ముద్ర ఉంటే ఇంకే సాక్షీ రానక్కరలేదు. ఈ సూత్రం 1872 సాక్ష్య చట్టంలోది, ఇప్పటి సాక్ష్య అధినియంలోనూ కొనసాగుతోంది. నలుగురు మగవాళ్ళ సాక్ష్యం అవసరం లేని కాగితం ఒక ఆడమనిషి చేతిలో ఉండటం మన పల్లెల్లో చిన్న విషయం కాదు. మా నాయన భయపడింది దానికే అనుకుంటాను. ఆ కాగితం ఆమె చేతికొస్తే ఇక పెద్దమనుషులతో పని లేదు.

కడప కోర్టు ఉత్తర్వు ఒకటి దేశమంతటా చర్చకు కారణమైన సందర్భం మనం మరిచిపోకూడదు. సినిమా నటి సరిత తనతో కాపురానికి రావాలని కోరుతూ ఆమె భర్త కడప సబ్‌కోర్టులో పిటిషన్ వేశాడు. 1975లో తిరుపతిలో పెళ్ళి జరిగిందంటున్న నాటికి ఆమె మద్రాసులో హైస్కూలు చదువుతున్న పదహారేళ్ళ పిల్ల. కేసు వినే అధికారం కడప కోర్టుకు లేదని ఆమె అభ్యంతరం చెబితే కోర్టు తోసిపుచ్చింది. ఆ చిన్న ఉత్తర్వు మీదే ఆమె హైకోర్టుకు రివిజన్ వేసింది. అక్కడ వాదన విస్తరించింది. 1983 జూలైలో జస్టిస్ పి.ఎ. చౌదరి హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు. ఇష్టంలేని ఆడమనిషిని కోర్టు ఆజ్ఞతో మగవాడి దగ్గరకు పంపడం ఆమె శరీరం మీద, మాతృత్వం మీద ఆమెకున్న నిర్ణయాధికారాన్ని లాక్కోవడమేనని ఆయన అన్నదాని సారాంశం. తన దగ్గరకు రానన్న రఖ్మాబాయి మీద బొంబాయిలో దావా పడి అప్పటికి దాదాపు నూరేళ్ళు. 1984 ఆగస్టులో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఈ తీర్పు సరికాదంది. 9వ సెక్షన్ నిలిచింది. 2019లో మళ్ళీ దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు పిటిషన్ వెళ్ళింది. ఏ కోర్టుకు కేసు వినే అధికారం ఉందనే సాధారణమైన ప్రశ్న నుంచి, ఒక జిల్లా కోర్టు ఉత్తర్వు నుంచి, ఇంత చర్చ పుట్టింది. ఆ ఉత్తర్వును పట్టుకుని పైకి వెళ్ళే శక్తి సరితకు ఉంది. అది లేక ఎన్ని ఉత్తర్వులు అక్కడే ఆగిపోయాయో!

ఆ 1984లోనే కరణాల వ్యవస్థ రద్దయింది. ఆ 1984లోనే కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. పది లక్షలకు మించి జనాభా ఉన్న నగరాల్లో ఈ కోర్టులు తప్పనిసరి, మిగిలిన చోట్ల అవసరమనుకుంటే పెట్టవచ్చు. కర్నూలుకూ కడపకూ అదనపు జిల్లా జడ్జీ కోర్టులతో కలిపిన కుటుంబ న్యాయస్థానాలు వచ్చాయి. వకీలు లేకుండా మాట్లాడవచ్చు, మొదట రాజీకి ప్రయత్నించాలి, సాక్ష్యం అంతా అక్షరం అక్షరం రాయనక్కరలేదు, సారాంశం చాలు. ఇవన్నీ ఆడవాళ్ళ మేలు కోసమే అన్నారు. చరిత్రకారిణిగా నాకు ఆ చివరి మాట దగ్గర మనసు ఆగుతుంది. ఆమె తెలుగులో, మా సీమ యాసలో ఏడుస్తూ తిడుతూ చెప్పింది సారాంశమవుతుంది. ఆ సారాంశం ఇంగ్లీషవుతుంది. నేను చూసిన ఉత్తర్వులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పెద్దమ్మ కాగితంలో ఆమె 'పిటిషనర్', మూడో పేజీలో ఒకచోట మాత్రం పేరుంది. ఆమె అక్కడ ఏమన్నదో తెలుసుకునే దారి లేదు.

పైగా కుటుంబ కేసుల విచారణ గోప్యంగా జరపవచ్చు, హిందూ వివాహ చట్టం కింద నడిచిన కేసుల వివరాలు ప్రచురించకూడదు. ఆ రక్షణ కావాలి, అందులో నాకు సందేహం లేదు. కోర్టుల్లో గడువు తీరిన కాగితాలను ధ్వంసం చేసే ఏర్పాటు 1917 చట్టం నాటినుంచీ ఉంది. గుట్టలుగా పెరిగే కాగితాలను ఎక్కడ పెట్టుకుంటారు, అదీ అర్థమవుతుంది. కానీ ఈ రెండింటి మధ్య మిగిలేది ఏమిటి? ఆడవాళ్ళ ట్రంకుపెట్టెల్లోని నకళ్ళే మిగులుతాయి. మన ప్రాంతంలో ఇరవయ్యో శతాబ్దపు దాంపత్య చరిత్ర రాయాలంటే ఆర్కైవ్ ఏ తార్నాకలోనూ లేదు. పట్టుచీరల మడతల్లో ఉంది. వాళ్ళు పోయినప్పుడు పాత కాగితాలని పారేసేది మనమే.

పై కోర్టుకు వెళ్ళాలన్నా నకలే కావాలి. కుటుంబ కోర్టు తీర్పు మీద అప్పీలుకు గడువు 30 రోజులు. నకలు తయారుకావడానికి పట్టిన కాలాన్ని అందులోంచి మినహాయించాలని కాలపరిమితి చట్టం (1963) 12వ సెక్షన్ చెబుతుంది. వెనుక ముద్రలోని తేదీలు అందుకే. హైకోర్టు గురించి మా సీమలో చర్చ తరతరాలుగా నడుస్తోంది. 1937 శ్రీబాగ్ ఒడంబడిక, 1953లో రాజధానిగా కర్నూలు, 1954లో గుంటూరులో హైకోర్టు, 1956లో హైదరాబాద్, 2019లో అమరావతి, 2024లో కర్నూలు బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం. ఇవన్నీ మగవాళ్ళ ప్రతిష్ఠకు సంబంధించిన విషయాలుగానే మాట్లాడతారు. అప్పీలు కాగితాలతో మూడొందల కిలోమీటర్ల పైచిలుకు బస్సు ప్రయాణం చేయాల్సిన ఆడమనిషి, చంకన బిడ్డతో, ఆ చర్చలో ఎప్పుడూ కనబడలేదు.

ఆరోజు నాలుగింటికి నా విద్యార్థినిని పిలిచారు. ఆమె ముస్లిం. 1985 షాబానో తీర్పు, 1986 చట్టం, ఆ తర్వాత జరిగిన గొడవలన్నీ క్లాసులో నేనే చెప్పాను. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకీ 125వ సెక్షన్ వర్తిస్తుందని 2024 జూలై 10న సుప్రీంకోర్టు చెప్పిన కేసు పక్కనున్న తెలంగాణ నుంచి వెళ్ళిందని ఆమె నాకు చెప్పింది. ఇప్పుడు కోర్టు ఉత్తర్వులు ఇంటర్నెట్‌లో కనబడతాయి. ఆమె ఫోన్‌లో కూడా ఉంది. కానీ ముద్రలేని ఆ ప్రతితో వసూలు జరగదు. రిజిస్టరులో సంతకం పెట్టి కాగితం అందుకుంది. ఇచ్చిన ప్రతిని నేను అలవాటుగా వెనక్కి తిప్పాను.

"వెనకాల ఏం చూస్తాండారు మేడం?"

తేదీలు చూపించాను. పెద్దమ్మ సంగతి చెప్పాను. మా నాయన సంగతీ చెప్పాను. ఆ మాట బయటివాళ్ళకు చెప్పడం నాకు అదే మొదటిసారి. ఆమె విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎదురుగా ఉన్న జెరాక్స్ అంగడికి వెళ్ళి మూడు ప్రతులు తీయించింది. ఒకటి వకీలుకు, ఒకటి అన్నకు, ఒకటి నాకు దాచమని ఇచ్చింది. అసలు నకలు మడిచి తన సంచిలో పెట్టుకుంది.

నా దగ్గర ఇప్పుడు అలాంటి కాగితాలు పదకొండు ఉన్నాయి. పేర్లు బయటపెట్టనని మాటిచ్చి తీసుకున్నవి. పెద్దమ్మది అన్నిటికంటే అడుగున ఉంది. మీ ఇళ్ళలో పెట్టెలు తెరిచే రోజు వస్తే, పాత ఇంగ్లీషు కాగితమని పారేయకండి. వెనక్కి తిప్పి చూడండి.